తెలిసినవాళ్లలో డీ అండ్ డీ ఆడేవాళ్లు బయటపడితే ఏం చేయాలి: ఒక కడప జిరాక్స్ షాపు మనిషి సలహాలు

కడపలో డీ అండ్ డీ, అంటే డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాచికల కథల ఆట, ఆడేవాళ్లు ఎవరుంటారులే అనుకుంటున్నారా? ఉన్నారు. మీ పిల్లాడి ట్యూషన్ సారు ఆడుతుండొచ్చు. మీ కళ్లద్దాల నంబరు చూసే మేడమ్ ఆడుతుండొచ్చు. మీ సరుకు దించిపోయే టెంపో భాయ్ ఒకప్పుడు ఆడి ఉండొచ్చు. వాళ్లు మీకు తెలుసు, మీరు వాళ్లకు తెలుసు. ఈ ఆట సంగతి మాత్రం ఎవరూ ఎవరి దగ్గరా ఎత్తరు.

నాది ఏడు రోడ్ల దగ్గర జిరాక్స్, డీటీపీ షాపు. ఆధార్, పాసుబుక్కు, 1బీ కాపీల కోసం ఊళ్లో సగం మంది ఏదో ఒకరోజు నా కౌంటర్ ముందు నిలబడాల్సిందే. అందుకని ఇలాంటి మనుషులు నాకు కొంచెం ముందుగా కనిపిస్తారు. పైన చెప్పిన ముగ్గురూ ఇప్పుడు మా మిద్దె మీద ఆడేవాళ్లే. మీకు తెలిసినవాళ్లలో ఒకరు ఇలా బయటపడితే ఏం చేయాలో, ముఖ్యంగా ఏం చేయకూడదో చెబుతాను.

నెట్‌లో దొరికే గుంపు సంగతి వేరు. అంతా ముక్కూ మొహం తెలియనివాళ్లు. నచ్చకపోతే గ్రూపులోంచి బయటికొచ్చేస్తాం, అంతటితో సరి. తెలిసినవాళ్లతో ఆ సౌకర్యం లేదు. ఆదివారం రాత్రి ఆటలో ట్యూషన్ సారుతో మాటామాటా పెరిగితే, సోమవారం సాయంత్రం పిల్లాణ్ణి మళ్లీ ఆయన దగ్గరికే పంపాలి. అందుకే నా పద్ధతంతా ఒక్కదాని కోసమే: ఆట కుదిరినా కుదరకపోయినా పాత పరిచయం చెడకూడదు.

ఆట తెలియకుండా ఇది చదువుతున్నవాళ్లకు క్లుప్తంగా చెబుతాను. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తెచ్చిన ఆట ఇది. ఒకరు కథ నడుపుతారు, ఆ మనిషిని డీఎం (డంజన్ మాస్టర్) అంటారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు. తమ పాత్ర ఏం చేస్తుందో నోటితో చెబుతారు. అవుతుందో కాదో తెలియని పనైతే ఇరవై ముఖాల పాచిక వేస్తారు. వచ్చిన అంకెకు పాత్ర నేర్పు కలిపితే డీఎం అనుకున్న అంకెను అందుకోవాలి. అందుకుంటే గోడ ఎక్కినట్టు, లేకపోతే కిందపడినట్టు. బోర్డు ఉండక్కర్లేదు, ఒకరు గెలిచి ఒకరు ఓడడం ఉండదు.

గుర్తుపట్టడం

అన్నిటికంటే గట్టి ఆధారం క్యారెక్టర్ షీటు, అంటే పాత్ర వివరాలు రాసుకునే కాగితం. కాగితం మీద ఆరు గడులు, ఒక్కోదాంట్లో రెండేసి అంకెలు ఉంటాయి. ఒకటి సాధారణంగా 8కీ 18కీ మధ్య ఉంటుంది, రెండోది ప్లస్ మూడో మైనస్ ఒకటో. గడుల మీద స్ట్రెంగ్త్, డెక్స్‌టెరిటీ, కాన్‌స్టిట్యూషన్, ఇంటెలిజెన్స్, విజ్‌డమ్, కరిజ్మా అని రాసి ఉంటే ఇక ఆలోచించేదేం లేదు. పక్కన పెన్సిల్‌తో చెరిపి రాసి, మళ్లీ చెరిపిన మరకలుంటే ఆ మనిషి ఇప్పటికీ ఆడుతున్నట్టే. దెబ్బ తగిలినప్పుడల్లా హిట్ పాయింట్లు (పాత్రకు మిగిలిన ప్రాణబలం) తగ్గించి రాసుకోవాలి కాబట్టి ఆ మూల కాగితం చిరిగేదాకా పోతుంది.

మాటలను బట్టి కనిపెట్టడం అంత సులువు కాదు. ‘నాట్ ట్వంటీ’ (నేచురల్ ట్వంటీ, అంటే పాచిక మీదే ఇరవై పడటం) అన్న ప్రతివాడూ ఆటగాడు కాదు. 2016 నుంచి ఒక అమెరికా వెబ్ సిరీస్ పుణ్యమా అని ఈ ఆట పేరు కాలేజీ పిల్లలందరికీ తెలుసు. 2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3 అనే కంప్యూటర్ గేమ్ డీ అండ్ డీ ఐదో ఎడిషన్ నియమాల మీదే నడుస్తుంది. అది ఆడినవాళ్లకు సేవింగ్ త్రో, ఇనిషియేటివ్ లాంటి ఆట పదాలన్నీ నోటికొస్తాయి. మా వాడి ట్యూషన్ సారు ఆ రకమే. లెక్కల క్లాసులో సంభావ్యత చెబుతూ ‘ఇరవైలో ఒక వంతు, అంటే నాట్ ట్వంటీ’ అన్నాడని మా వాడు ఇంటికొచ్చి చెప్పాడు. నేను వెళ్లి అడగాల్సిన ప్రశ్న నాకు ముందే తెలుసు.

ఆ ప్రశ్న ఇది: ‘మీ డీఎం ఎవరు సార్?’ మనుషులతో కూర్చుని ఆడినవాళ్లయితే వెంటనే ఒక మనిషి గురించి చెప్పడం మొదలుపెడతారు, ఎక్కువగా ఫిర్యాదులే. కంప్యూటర్ మీద మాత్రమే ఆడినవాళ్లు ఒక్క క్షణం ఆగుతారు. అంతమాత్రాన వాళ్లను పక్కన పెట్టమని కాదు. సగం నేర్చుకుని వచ్చినవాళ్లు, నియమాలు మనకంటే బాగా తెలిసే అవకాశం కూడా ఉంది. ఎదురుగా ఇంకో మనిషి తన పాత్రతో వేలు పెట్టి పథకమంతా చెడగొట్టడం మాత్రం వాళ్లకు కొత్త. ఆ సంగతి ముందే తెలిస్తే మంచిది.

చూసినా చూడనట్టు

ఇక్కడే చాలామంది తొందరపడతారు. కళ్ల మేడమ్ నా షాపుకు ఫోన్‌లోంచి ప్రింట్ పంపినప్పుడు స్క్రీన్ మీద క్యారెక్టర్ షీటు తెరుచుకుంది. గుండె ఒక్కసారి ఎగిరింది, నిజమే. అయినా నోరు మెదపలేదు. జిరాక్స్ షాపుకు వచ్చే కాగితం గిరాకీ మనిషిది. విడాకుల పిటిషనైనా, రక్తపరీక్ష రిపోర్టైనా, ఎల్ఫ్ (ఈ ఆటలో ఒక జాతి) మంత్రగత్తె షీటైనా చూడనట్టే ఉండాలి. డాక్టర్ల దగ్గర, బ్యాంకుల్లో, ఫోన్ రిపేరు షాపుల్లో పనిచేసేవాళ్లకు కూడా ఇదే వర్తిస్తుంది. పనిలో భాగంగా కంటపడినదాన్ని పట్టుకుని పరిచయం పెంచుకోబోతే, ‘ఇంకా ఏమేం చూశాడో’ అన్న అనుమానమే ముందు వస్తుంది. అవతల ఉన్నది ఆడమనిషైతే అది అనుమానంతో ఆగదు.

దీనికి మందు ఉంది. మీరు చూసింది చెప్పకండి, మీది చూపించండి. ఆ మరుసటి రోజు నుంచి నా కౌంటర్ మీద కాగితాలు ఎగిరిపోకుండా పెట్టే బరువుగా ఒక ఇరవై ముఖాల పాచిక పెట్టాను. నెట్‌లో దొరికే పెద్ద సైజు ఇత్తడిది. తెలియనివాళ్లకు అదొక బొమ్మ. కొందరు వాస్తుకి పెట్టారా అన్నారు, ఒక పెద్దాయన ఇది ఏ దేవుడిది నాయనా అన్నాడు. తెలిసినవాళ్ల చెయ్యి మాత్రం దాని మీదికి తనంతట తానే పోతుంది. మేడమ్ తర్వాతి సారి వచ్చినప్పుడు దాన్ని తీసి కౌంటర్ మీద దొర్లించి, వచ్చిన అంకె చూసి, ‘ఇది మీదేనా అన్నా?’ అన్నారు. మాట ఆమె వైపు నుంచి మొదలైంది. ఇష్టం లేకపోతే చూసి ఊరుకునే అవకాశం కూడా ఆమెకే ఉండింది.

షాపు లేనివాళ్లు తాళాల గుత్తికి ఒక చిన్న పాచిక తగిలించుకోండి. బైక్ ట్యాంకు మీద స్టిక్కరైనా సరే. ఆఫీసులో అయితే పెన్నుల డబ్బాలో ఒకటి పడేయండి. వాట్సాప్ స్టేటస్ పెట్టొద్దంటాను. అది మామయ్యకూ వెళ్తుంది, ఆయన ఫోన్ చేసి ఇదేం జూదం అంటాడు.

టెంపో భాయ్ బయటపడింది కూడా ఆ ఇత్తడి పాచిక వల్లే. మా జిల్లా వైపు నుంచి కువైట్ పోయినవాళ్లు ఎంతమందో మీకు చెప్పక్కర్లేదు. రాయచోటి, రాజంపేట వైపు కువైట్ మనిషి లేని వీధి ఉండదు. భాయ్ అక్కడ డ్రైవర్‌గా ఉన్నప్పుడు పక్క రూములో ఫిలిప్పీన్స్ కుర్రాళ్లు ఉండేవాళ్లట. శుక్రవారం సెలవు, బయట ఎండ, చేతిలో డబ్బు లేదు. వాళ్లు ఆడుతుంటే ఈయన చూస్తూ చూస్తూ కూర్చున్నాడు, ఆ తర్వాత ఆడాడు. ఆట పేరు ఆయనకు సరిగ్గా గుర్తులేదు. తన పాత్ర మాత్రం ఒక బార్బేరియన్ (మొరటు యోధుడు) అనీ, వాడి గొడ్డలి ఎంత పెద్దదనీ ఇప్పటికీ చేతులు చాచి చూపిస్తాడు. ‘ఈ ఆట ఎవరు ఆడతారో’ మొహం చూసి మనం నిర్ణయించకూడదు. నేను వెతుక్కుంటూ పోయి ఉంటే ఇంజనీరింగ్ కాలేజీ పిల్లల దగ్గరే ఆగిపోయేవాణ్ణి.

మొదటి మాటలు

కలిసిన మొదటిసారి ఐదు నిమిషాలు చాలు. మీ పాత్ర కథ చెప్పకండి. డ్రాగన్‌ను మీరెలా చంపారో మీకు తప్ప ఎవరికీ పట్టదు. ఇది ఆటగాళ్లందరికీ తెలుసు, అయినా ఎవరూ ఆగరు. మీరు ఆగండి. అడగాల్సింది ఏమేం ఆడారు, కథ నడపడం ఇష్టమా పాత్ర వేయడం ఇష్టమా, ఏ వారం ఏ పూట ఖాళీ. అంతే.

నలుగురిలో అడగొద్దు. పెద్ద ఉద్యోగంలో ఉన్నవాళ్లకు ‘ఈ వయసులో పిల్లల ఆటా’ అనిపించుకోవడం ఇష్టం ఉండదు. పెళ్లి సంబంధాలు చూస్తున్న ఇళ్లల్లో పాచికలు అన్న మాటే గిట్టదు. భారతంలో శకుని పుణ్యమా అని మనవాళ్లకు ఆ వస్తువు మీద మంచి అభిప్రాయం లేదు. ఎవరైనా ‘అప్పుడెప్పుడో ఆడేవాణ్ణిలే’ అని మాట మార్చితే అక్కడితో వదిలేయండి. వాళ్లకు మీ గురించి తెలిసింది, చాలు. ఆరు నెలలకైనా వాళ్లే వస్తారు, రాకపోయినా నమస్కారం సార్ అనుకుంటూ బాగానే ఉంటారు.

ఇంకోటి. మీకు తెలిసిన ఒకరి సంగతి ఇంకొకరికి మీరు చెప్పకండి. సారుకు మేడమ్ గురించి, మేడమ్‌కు సారు గురించి చెప్పే ముందు ఇద్దరినీ విడివిడిగా అడిగాను. అడిగిందీ ఇంతే: ‘ఇంకొకరున్నారు, మీ పేరు చెప్పొచ్చా?’

పిలుపుల తలనొప్పి

మన ఊళ్లల్లో ఇది పెద్ద సమస్య, నెట్‌లో దొరికే గైడ్లలో దీని గురించి ఒక్క ముక్క ఉండదు. ఆటలో ఒకరు ఇంకొకరిని అరవాలి, తిట్టాలి, ‘రేయ్ పక్కకు జరుగు’ అనాలి. ట్యూషన్ సారును ఎలా అంటాం? భాయ్ నాకంటే పెద్ద. మేడమ్ ఆస్పత్రిలో ఉన్నప్పుడు నేను ఆమె ముందు చేతులు కట్టుకుని అక్షరాలు చదివే మనిషిని.

మేము పెట్టుకున్న పద్ధతి ఇది. పాత్రగా మాట్లాడేటప్పుడు పాత్ర పేరుతోనే పిలవాలి, ‘నువ్వు’ అనొచ్చు. మనిషిగా మాట్లాడేటప్పుడు మామూలు వరసే. ‘భాయ్, మీరు పాచిక వేయండి’ అని, అదే ఊపిరిలో ‘ఒరేయ్ ఎర్రన్నా, తలుపు పగలగొట్టు’ అంటాం. ఎర్రన్న భాయ్ పాత్ర. విన్నవాళ్లకు పిచ్చిగా ఉంటుంది, మాకు మాత్రం హాయిగా ఉంది. అందుకే పాత్రలకు నోరు తిరిగే తెలుగు పేర్లు పెట్టించండి. ఎల్ఫుల పేర్లు పెట్టుకుంటే ఎవరికీ గుర్తుండక మళ్లీ సార్, మేడమ్ దగ్గరికే వస్తారు.

సారు డీఎంగా కూర్చుంటే ఇబ్బందే. ఆయన ‘ఎందుకలా చేశావు?’ అంటే అందరికీ చేతులు వెనక్కి పోతాయి. వయసులోనో హోదాలోనో పెద్దవాళ్లను మొదట పాత్రధారిగా కూర్చోబెట్టండి. కథ నడిపే పని అందరిలో మొహమాటం తక్కువ ఉన్నవాళ్లకు ఇవ్వండి. మా దగ్గర అది మేడమ్.

మొదటి ఆట

పుస్తకాలు కొననక్కర్లేదు. 2023 జనవరిలో డీ అండ్ డీ కంపెనీ తమ ఐదో ఎడిషన్ మూల నియమాల పత్రాన్ని ఎవరైనా వాడుకునేలా క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద వదిలేసింది. దాన్ని డౌన్‌లోడ్ చేసుకుని ఎంతమందికైనా ప్రింట్ తీసి ఇవ్వొచ్చు. అమ్మకానికున్న పెద్ద పుస్తకాన్ని మొత్తం జిరాక్స్ తీయమని మాత్రం నా దగ్గరికి రాకండి, తీయను. నియమాలంటే భయపడేవాళ్లకు జాన్ హార్పర్ రాసిన లేజర్స్ అండ్ ఫీలింగ్స్ అని ఒక్క పేజీ ఆట ఉంది, ఉచితం. అందులో మీ పాత్రకు 2 నుంచి 5 లోపు ఒకే ఒక్క అంకె. తెలివితో చేసే పనికి పాచిక దానికంటే తక్కువ పడాలి, మనసుతో చేసే పనికి ఎక్కువ పడాలి. మామూలు ఆరు ముఖాల పాచికలు చాలు, లూడో డబ్బాలోవైనా పనికొస్తాయి. కంప్యూటర్ గేమ్ తప్ప ఇంకేం ఆడని మా సారుకు నేను మొదట ఇచ్చింది ఈ కాగితమే.

డీ అండ్ డీయే కావాలంటే ఏడు పాచికల సెట్టు ఒకటి తెప్పించండి: నాలుగు, ఆరు, ఎనిమిది, పన్నెండు, ఇరవై ముఖాలవి ఒక్కోటి, పది ముఖాలవి రెండు. నలుగురికీ ఒక సెట్టు సరిపోతుంది. కింద కడప బండ పరిచిన ఇళ్లల్లో పాచికలు నేల మీద వేయకండి. ఆ చప్పుడు కింది వాటాకు వినిపిస్తుంది, పాచిక మూలలు కూడా విరుగుతాయి. ఒక తువ్వాలు పరుచుకోండి.

కథకు మీ అందరికీ తెలిసిన చోటు తీసుకుంటే పని సగం అయినట్టే. మేము గండికోట తీసుకున్నాం. 1652లో ట్యావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి అక్కడికి వచ్చి మీర్ జుమ్లాను కలిశాడు. మీర్ జుమ్లా గోల్కొండ కొలువులో పెద్ద మనిషి, తనూ వజ్రాల వ్యాపారే. పెమ్మసాని వాళ్ల చేతుల్లోంచి కోట ఆయన చేతికి వచ్చి అప్పటికి ఎక్కువ కాలం కాలేదు. మేడమ్ చేసిన కథలో మేమంతా ఆ ఫ్రెంచి వ్యాపారి మూటలు మోసుకొచ్చిన కూలీలం. రాత్రికి ఒక మూట కనపడకుండా పోతుంది. ధాన్యాగారం, జైలు, మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, అటు పక్క పెన్నా లోయ, అన్నీ అందరం చూసినవే. ‘మీరిప్పుడు ధాన్యాగారం ముందున్నారు’ అంటే చాలు, ఎక్కడ దాక్కోవచ్చో భాయ్ వెంటనే చెప్పేశాడు. ఎప్పుడో సరుకు దించడానికి పోయినప్పుడు అక్కడ నిద్రపోయాడట.

ఏం వద్దో కూర్చోగానే మాట్లాడుకోండి. మా దగ్గర రెండు వద్దనుకున్నాం. నిజం దేవుళ్లు కథలోకి రాకూడదు, గుడీ మసీదూ ఉన్నచోటు వరకే. ఫ్యాక్షన్ కథ అసలు వద్దు. బయటివాళ్లకు అది సినిమా కావచ్చు, ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఎవరింట్లో ఏముందో మనకు తెలియదు.

కూర్చునే చోటు ముఖ్యం. మే నెలలో కడపలో పగలు ఇంట్లో నలుగురు కూర్చుంటే ఆట కంటే ఉక్కే ఎక్కువ ఉంటుంది. రాత్రి ఏడు దాటాక మిద్దె మీద బాగుంటుంది, కాగితాల మీద తలా ఒక రాయి పెట్టుకోవాలి. ఇంట్లో అయితే తలుపు తెరిచి ఉంచండి. మూసిన తలుపు వెనక నలుగురు, పాచికల చప్పుడు, మధ్యలో ‘పడిందిరా’ అని కేక వినిపిస్తే పేకాటేనని ఎవరైనా అనుకుంటారు. ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం కూడా 1974 నాటిదే, ఆట పుట్టిన ఏడాదే. మాది పందెం ఆట కాదు, ఆ భయం లేదు. అయినా బల్ల మీద నోట్లు కనిపించకుండా చూసుకోండి. కారం దోసెల డబ్బులు అందరూ వేసుకున్నా సరే, ఆ లెక్క ఫోన్‌పేలోనే తేల్చుకోండి.

ఆడపిల్లలు వచ్చే ఆటైతే ఎన్నింటికి ముగుస్తుందో ముందే చెప్పి ఆ టైముకే ముగించండి. మేడమ్ మొదటిసారి వాళ్లమ్మను వెంటబెట్టుకుని వచ్చారు. దానికి ఎవరూ మొహం మాడ్చుకోకూడదు. ఆవిడకు ఒక కుర్చీ, ఒక టీ. గంట గడిచాక, మూట పోయిందని వ్యాపారికి ఇంకా ఎందుకు చెప్పలేదని ఆవిడే మమ్మల్ని నిలదీశారు.

కుదరకపోతే

ఒకటి ముందే పెట్టుకోండి: మొదటి కథకు ముగింపు తేదీ. ‘మూడు ఆదివారాలు, తర్వాత చూద్దాం’ అని చెప్పండి. ‘ఇక నుంచి ప్రతి ఆదివారం’ అనకండి. ముగింపు ఉంటే, నచ్చనివాళ్లు ఎవరికీ ఏమీ చెప్పకుండానే మర్యాదగా తప్పుకోవచ్చు. ముగింపు లేకపోతే తప్పుకోవడానికి అబద్ధం ఆడాలి. అత్తగారికి బాగాలేదని చెప్పిన మనిషి రాజంపేట బస్సులో మీకే ఎదురుపడతాడు.

మా సారు ప్రతి పాచికకూ నియమం అడిగే మనిషి. భాయ్‌కు నియమాలు అక్కర్లేదు, గొడ్డలి తిరిగితే చాలు. ఇద్దరూ మంచివాళ్లే, ఒకే బల్ల దగ్గర అరగంటకోసారి చిరాకు. ఇలాంటప్పుడు అందరి ముందు తీర్పు చెప్పకూడదు. మేడమ్ ఒక పని చేశారు: నియమం సందేహాలన్నీ ఒక కాగితం మీద రాసిపెట్టి, ఆట అయ్యాక సారే చదివి తేల్చాలని ఆయనకు అప్పగించారు. ఆటలో మాత్రం అప్పటికి డీఎం చెప్పిందే మాట. సారు ఆ కాగితం ఇంటికి తీసుకెళ్లి శ్రద్ధగా రాసుకొస్తున్నారు. అయినా వచ్చే కథకు ఆయన వేరే బల్ల చూసుకుంటారేమో, పాలిటెక్నిక్ కుర్రాళ్లతో. అదీ మంచిదే. మా వాడి లెక్కల ట్యూషన్ ఆగలేదు.

చివరగా కాగితాల సంగతి. క్యారెక్టర్ షీట్లన్నీ ఒకరి దగ్గరే, ఒకే ఫైల్లో ఉంచండి, ఫోన్‌లో ఫోటోలు కూడా తీసిపెట్టుకోండి. మన ఊళ్లల్లో బ్యాంకు వాళ్లకూ సర్కారు ఉద్యోగులకూ బదిలీలు ఎప్పుడొస్తాయో చెప్పలేం. బదిలీ అయిన మనిషికి తన షీటు అసలు కాపీ ఇచ్చి పంపండి, జిరాక్స్ మీ ఫైల్లో పెట్టుకోండి. డిస్కార్డ్ యాప్‌లో వీడియో పెట్టుకుని అనంతపురం నుంచో కర్నూలు నుంచో ఆడతానంటే సరేననండి. కాకపోతే ఆ మనిషి పాచిక కెమెరా ముందే వేయాలి.